దుబాయికి పోయిన కోయిల

ఆ రోజుల్లో పెద్దపల్లి చుట్టుపక్కల పల్లెల్లో జనం ఉత్తరాలు రాయడం మానేసి కాసెట్లు మాట్లాడటం మొదలుపెట్టారు. ఇంటికొకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవారు. రాయడం రానివాళ్ళు కొందరైతే, వచ్చినా కలం పట్టగానే మాట మరిచిపోయేవాళ్ళు ఇంకొందరు. అందుకని ఒక ఖాళీ కాసెట్టు కొని, ఇంటిల్లిపాదీ టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని, చెప్పాల్సిందంతా అందులో చెప్పి, సెలవు మీద వచ్చి తిరిగి పోతున్నవాళ్ళెవరి చేతనో పంపేవారు. నెలకో రెండు నెలలకో అటు నుంచి ఇంకో కాసెట్టు జవాబుగా వచ్చేది. 'ఈసారి మామిడి పూత ఎట్లున్నది?' అని అక్కడివాళ్ళు అడిగితే, ఆ ప్రశ్న మా ఇంటికి చేరేసరికి పూత పిందై, పిందె కాయై, కాయ తొక్కై జాడీలోకి ఎక్కి ఉండేది. అయినా ఎవరూ తొందరపడేవారు కాదు. ఇప్పుడు ఫోన్‌లో రెండు నీలి గీతలు కనిపించి రెండు నిమిషాల్లో జవాబు రాకపోతే మనసు ఎన్ని రకాలుగా పోతుందో తలుచుకుంటే, ఆ మనుషుల ఓపిక ఏ గింజలు తిని వచ్చిందో అర్థం కాదు.

నేను చాలా ఏళ్ళు పత్రికలో పనిచేశాను. తప్పుడు వార్త అచ్చయితే మర్నాడు నాలుగు వాక్యాల్లో సవరణ వేయడం మా పద్ధతి. (ఆ నాలుగు వాక్యాలను ఎవరికీ కనిపించని మూలన వేయడం కూడా మా పద్ధతే.) కానీ నా జీవితంలో నేనిచ్చిన మొట్టమొదటి తప్పుడు వార్త అచ్చులో రాలేదు, కాసెట్టులో పోయింది. దానికి సవరణ ఎక్కడా వేయలేదు. ఆ బాకీ ఒకటి ఉండిపోయింది కనుక ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను పదో తరగతి. మా అవ్వకు (మా వైపు అమ్మను అవ్వ అంటాం) ఒక్కడే తమ్ముడు, అంటే మా మామ. ఏడాది కిందటి దాకా అతనే నా దోస్తు. నాకు ఈత నేర్పింది, సైకిలు నేర్పింది, పెదవులు గుండ్రంగా చేసి కోయిలలా ఈల వేయడం నేర్పింది అతనే. వసంతకాలం వచ్చిందంటే ఇద్దరం పెరట్లో కూర్చుని కూసేవాళ్ళం. కోయిల ఉడుక్కుని జవాబిచ్చేది. మేము ఇంకొంచెం పైస్థాయిలో కూసేవాళ్ళం. అది గొంతు చించుకునేది. చివరికి ఓడిపోయి పక్కింటి చెట్టు మీదికి పోయేది. పనీపాటా లేని ఆటే, నిజమే. అంతకంటే మంచి ఆట నేను తర్వాత చూడలేదు. అలాంటి మామ రెండేళ్ళ ఒప్పందం మీద దుబాయికి పోయాడు. పోయిన ఆరు నెలలకు మాకొక టేప్ రికార్డర్ పంపాడు. కొడుకు వెళ్ళిపోయాక మా అమ్మమ్మ, అంటే అవ్వకూ మామకూ తల్లి, ఒంటరిగా ఉండలేక మా ఇంటికే వచ్చేసింది.

ఆ టేప్ రికార్డర్‌ను మా బాపు, అంటే మా నాన్న, 'మిషిన్' అనేవాడు. దానికి అవ్వ పూలు కుట్టిన గుడ్డ కప్పేది. చేతులు సబ్బుతో కడుక్కుని, తుండుతో తుడుచుకుని, అప్పుడు గానీ బాపు మీట నొక్కేవాడు కాదు. పొలంలో బురద చేతులతో కొడవలి పట్టే మనిషికి రికార్డు చేసే ఎర్ర మీట ముందు వచ్చే భక్తిని చూసి తీరాలి. ఆ ఎర్ర మీటను ముట్టే అధికారం ఇంట్లో ఇంకెవరికీ లేదు. పగలు కరెంటు ఉండేది కాదు కనుక మిషిన్ సెల్లుల మీద నడిచేది. దాంతో బాపు నోట ఎప్పుడూ ఒకటే మాట: "సెల్లులు అయిపోతయ్!"

ఆ ఏడు హోలీ రంగు ఇంకా చెవుల వెనక పోకముందే మామ దగ్గర నుంచి కాసెట్టు వచ్చింది. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడేవాడు, ఈసారి గొంతు నీరసంగా ఉంది. అందరినీ పేరుపేరునా అడిగి, చివరికి నా దగ్గరికి వచ్చాడు. "అల్లుడా, నీకొక పని చెప్త. గీ నెలల మన యాపచెట్టు మీద కోయిల కూస్తుంటది గదా. గీడ రూంల పొద్దుమాపు ఏసీ సప్పుడే. గా కోయిల కూత జర పట్టి పంపురా. ఇంటె పానం నిమ్మలమైతది."

ఆ కాసెట్టు తెచ్చినవాడు మామతో ఒకే గదిలో ఉండే మనిషి. ఊళ్ళో పది రోజులున్నా చేతిలో పెట్టె వదిలేవాడు కాదని అందరూ అతన్ని సూట్‌కేసు అన్న అనేవారు. అతను అవ్వను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాడు. "మీ తమ్ముడు మంచిగ తింటలేడక్కా. డ్యూటీ నుంచి అచ్చుడు, గోడ దిక్కు మల్లి పండుడు. అచ్చేస్త, ఇంటికే అచ్చేస్త అంటుండు. సగంల ఒదిలిపెట్టి అస్తె పేరు కరాబైతది, మల్ల ఎవలు పిలువరు. గా కాసెట్టేదో జల్ది పంపుండ్రి. దానికోసమే సూస్తుండు. ఉగాది తెల్లారి నా బస్సు."

పక్కకు పిలిచి చెప్పినా అమ్మమ్మ విన్నది. (ఆమెకు చెముడు. తనకు అక్కరలేని మాటలకు మాత్రమే.) ఆ రాత్రి కంచంలో చెయ్యి పెట్టి తీసేసింది. "వాడు తింటలేడట. నాకెట్ల పోతదే బుక్క?" అంది. అవ్వ బతిమాలింది, బాపు బతిమాలాడు. రెండు ముద్దలు తిని లేచిపోయింది. అప్పుడు నాకు అర్థమైంది, ఇద్దరి అన్నం ఒక పిట్ట మీద ఆధారపడి ఉందని. ఆ పిట్టను పట్టే పని నాకు అప్పగించారని. ఉగాదికి వారం రోజులుంది, ఉగాది అయిన రెండో రోజున నాకు లెక్కల పరీక్ష ఉంది. రెండింట్లో ఏది ముఖ్యమో నిర్ణయించుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

ముందు ఇంటివాళ్ళ మాటలు రికార్డు చేశాం. బాపు గొంతు సవరించుకుని వానల గురించి, బావిలో నీళ్ళ గురించి, బర్రె ఈనడం గురించి రేడియోలో పంటల ధరలు చెప్పినట్టు ఒక్క దమ్ములో చెప్పేశాడు. తర్వాత మిషిన్ అమ్మమ్మ ముందు పెట్టారు. "తిన్నవా కొడుకా?" అని అడిగి ఆగిపోయింది. అందరం చూస్తున్నాం. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఆగింది. "ఏమంటలేడేంది?" అని బాపును నిలదీసింది.

"వాడిప్పుడు ఇంటలేడత్తా. కాసెట్టు పోయినంక ఇంటడు."

"మరిప్పుడు నన్నెవలతోని మాట్లాడుమంటున్నవ్, గోడతోనా? వాడు ఇన్నప్పుడే పిలువు, గప్పుడు మాట్లాడుత."

"జల్ది చెప్పత్తా, సెల్లులు అయిపోతయ్!"

"అయిపోనియ్. నా కొడుకు కన్న ఎక్కువనా సెల్లులు?"

ఇదంతా రికార్డయింది. బాపు చెరిపేద్దామన్నాడు గానీ చెరపడానికి కూడా సెల్లులు ఖర్చవుతాయని ఊరుకున్నాడు. ఇక అవ్వ వంతు. మా అవ్వ రోజంతా గలగలా మాట్లాడే మనిషి. వాకిట్లో నిలబడి మాట్లాడితే బావి దగ్గర వినిపించేది. అలాంటిది ఎర్ర మీట పడగానే కొంగు భుజం నిండా కప్పుకుని, నిటారుగా కూర్చుని, బడిలో అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది: "ప్రియమైన తమ్మునికి మీ అక్క వ్రాయునది ఏమనగా, మేమందరము ఇచ్చట క్షేమము. నీవచ్చట క్షేమమని తలంచెదము." ఐదో తరగతి దాకా చదివిన చదువంతా ఆ ఒక్క నిమిషంలో ఖర్చు పెట్టింది. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి ఆమె నుదుటి మీద చెమట తుడుచుకుంటోంది. "మంచిగ మాట్లాడిన్నా?" అని అడిగింది. బాపు గర్వంగా తల ఊపాడు.

కాసెట్టుకు రెండో వైపు మొత్తం కోయిలకు వదిలాం. అయితే కోయిలకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పొద్దున ఐదింటికి, బాపు చేతులు కడుక్కుంటున్నప్పుడు అద్భుతంగా కూసేది. చేతులు తుడుచుకుంటున్నప్పుడు ఇంకా బాగా కూసేది. ఎర్ర మీట పడగానే నోరు మూసుకునేది. ఐదు రోజులు ప్రయత్నించి మేము పట్టింది ఇది: పక్కింటి దూడ ఒకసారి, మా కోడిపెట్ట రెండుసార్లు, అమ్మమ్మ తుమ్ము నాలుగుసార్లు. ఆరో రోజు కోయిల పక్కింటి మామిడి చెట్టు మీదికి మారితే, బాపు మిషిన్‌ను పసిపిల్లలా భుజాన వేసుకుని వాళ్ళ గోడ మీదుగా చెయ్యి చాపి పావుగంట నిలబడ్డాడు. పక్కింటాయన బయటికి వచ్చి, "ఏందే, మా ఇంట్ల మాటలు టేపు చేస్తున్నవా?" అని గొడవ పెట్టుకున్నాడు. ఆ గొడవ మాత్రం స్పష్టంగా రికార్డయింది.

ఉగాది రానే వచ్చింది. వాకిట్లో వేపపూత పేలాల్లా రాలి ఉంది. అవ్వ గడపకు పసుపు రాసి, కొత్త కుండలో పచ్చడి కలిపి, పోలెలు, అంటే బొబ్బట్లు, మొదలుపెట్టింది. సాయంత్రం సూట్‌కేసు అన్న కాసెట్టు తీసుకుపోవడానికి వస్తాడు. కోయిల మాత్రం పొద్దుటి నుంచి అజాపజా లేదు. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చెట్టు వైపే చూస్తోంది. పచ్చడి గ్లాసు ముట్టుకోలేదు. "పట్టిండ్రా?" అని ఇప్పటికి నన్ను మూడుసార్లు అడిగింది.

మధ్యాహ్నం బాపు చివరి ప్రయత్నం మొదలుపెట్టాడు. మిషిన్‌ను చెట్టు కింద బోర్లించిన నీళ్ళ గోలెం మీద పెట్టి, ఎర్ర మీట నొక్కి, కోయిల బెదరకుండా అందరినీ అక్కడి నుంచి పంపేశాడు. అమ్మమ్మను లోపల పడుకోబెట్టాడు. అవ్వను పక్కింటికి పోలెలు ఇచ్చి రమ్మని పంపాడు (గొడవ పెట్టుకున్న ఇంటికే). నన్ను వెనక గదిలో లెక్కలు చేసుకొమ్మన్నాడు. తను గల్లీలోకి వెళ్ళి, వచ్చేపోయేవాళ్ళకు చేతులు జోడించి, "జర సప్పుడు చెయ్యకుండ్రి, కోయిల రికార్డింగు అయితుంది" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఐస్‌ఫ్రూట్ బండివాడి గంట పట్టుకుని ఆపాడు. పంచాంగం వినడానికి పోతున్న పెద్దమనుషులను చెప్పులు విప్పి నడవమన్నాడు. ఎడ్లబండి ఒకటి వస్తే, ఎద్దుల మెడల్లోని గంటలు మోగకుండా రెండు చేతులతో రెండు గంటలూ గట్టిగా పట్టుకుని, ఎద్దుల మధ్య తనూ ఒక ఎద్దులా నడుస్తూ గల్లీ మలుపు దాకా సాగనంపాడు. ఇదంతా నాకు ఎలా తెలుసంటే, ఆ సమయానికి నేను వెనక గోడ మీదుగా వేపచెట్టు ఎక్కి కూర్చున్నాను.

కాసెట్టు తిరుగుతోంది. సెల్లులు అయిపోతున్నాయి. కోయిల లేదు. నేను కొమ్మ చివరిదాకా పోయి, పెదవులు తడుపుకుని, గుండ్రంగా చేసి కూశాను. ఒకటి, రెండు, మూడు. నాలుగోసారి గొంతు తేలికపడి, నాకే నేను కోయిలనేమో అనిపించింది. ఎక్కడి నుంచో నిజం కోయిల జవాబిస్తుందని ఎదురుచూశాను. రాలేదు. సరే, దాని వంతు కూడా నేనే కూశాను. అట్లా పది నిమిషాలు నడిచింది. బాపు ఇంకా గల్లీ మలుపు అవతలే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే అవ్వ పక్కింటి నుంచి ఖాళీ గిన్నెతో దొడ్డి దారిన వస్తూ తల పైకెత్తింది.

"ఓరి నీ పాడుగాను! కొమ్మ సివరకు ఎక్కినవేందిరా? దిగు! దిగురా అంటె! కాళ్ళిరిగితె ఎల్లుండి లెక్కల పరీక్ష ఎవలు రాస్తరు, మీ బాపు రాస్తడా? పండుగ పూట గా కోతి యేషాలేంది? పోలెలు సల్లగైతున్నయ్, తిందువు దా!"

నేను పెదవుల మీద వేలు పెట్టి, గోలెం మీది మిషిన్ చూపించాను. అవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను దిగి దగ్గరికి పోయి, "మామ కోసమే అవ్వా" అని చెవిలో అన్నాను. ఆమె నన్నూ, చెట్టునూ, తిరుగుతున్న కాసెట్టునూ చూసింది. చెవి పట్టుకుంటుందనుకున్నాను. "మీ బాపుకు చెప్పకు" అని నాకే చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. దొంగతనానికి నేనొక్కణ్ణే పోయాను, ఇద్దరమై తిరిగివచ్చాం.

కాసేపటికి బాపు చెమటలు కక్కుతూ వచ్చాడు. ఎర్ర మీట ఆపి, కాసెట్టు వెనక్కి తిప్పి, వినిపించాడు. కూ... కూ... అని మొదటి కూత వినగానే కళ్ళు మూసుకున్నాడు. ఐదారు కూతలు విని, "మిషినంటే గిది!" అన్నాడు. లోపల పడుకున్న అమ్మమ్మ లేచి వచ్చి, "వాడు ఇంటడు, ఇది ఇంటడు" అంటూ చెట్టుకు దండం పెట్టింది. ఇంకా వినేవాళ్ళమే. "సెల్లులు అయిపోతయ్" అని బాపు ఆపేశాడు. మిగతాది వినకుండానే కాసెట్టు సూట్‌కేసు అన్న పెట్టెలోకి పోయింది. అవ్వా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

తర్వాతి నెలన్నర బాపు ఊరంతా చెప్పుకున్నాడు. మోదుగు పూలు రాలిపోయాయి, నా పరీక్షలు అయిపోయాయి, కల్లంలో వడ్లు ఆరాయి. 'నీ మిషిన్ల కోయిల పడ్డదట గదా' అని అడిగిన ప్రతివాడికీ ఎర్ర మీట నొక్కే ఒడుపు గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. నేను పక్కనే నిలబడి నేల చూపులు చూసేవాణ్ణి. మామ కనుక్కుంటాడేమోనన్న భయం ఒకవైపు. కనుక్కోకపోతే, నాకు ఈల నేర్పిన మనిషి నా ఈలనే గుర్తుపట్టలేదన్న బాధ ఇంకోవైపు. అమ్మమ్మ మాత్రం రోజూ సగం కంచం దగ్గరే ఆగేది.

జవాబు కాసెట్టు వచ్చిన రోజు ఇంటి ముందు పదిమంది చేరారు. కోయిల గురించి దుబాయి ఏమంటుందో అందరికీ కావాలి. బాపు చేతులు కడుక్కుని మీట నొక్కాడు. మొదట నవ్వు వినిపించింది. మామ నవ్వు, వెనకాల ఇంకా ఎవరెవరివో నవ్వులు. "బావా! మీ మిషిన్ జబర్దస్తు పట్టింది" అన్నాడు. బాపు చుట్టూ చూసి మీసం సవరించుకున్నాడు. "అల్లుడా, కోయిలకు జర సర్ది అయినట్టున్నది. నేను నేర్పిన కాడికి నువ్వు మంచిగనే కూసినవ్, గని కోయిల గంత తొందర పడదురా, మధ్యల దమ్ము తీసుకుంటది." నా చెవులు మండిపోయాయి. బాపు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

"కోయిల సంగతి ఇడిసిపెట్టుండ్రి. అక్కా, నువ్వు ముంగట సదివిన ఉత్తరమింటె నాకు భయమైంది. గీ పంతులమ్మ ఎవలు, మా అక్కకేమైంది అనుకున్న. గని కోయిల ఆఖర్ల ఒక ముక్క ఉన్నది గదా... 'దిగురా, పోలెలు సల్లగైతున్నయ్, తిందువు దా' అని. గది ఇన్నంక..." ఇక్కడ మామ గొంతు ఆగింది. కాసెట్టు మాత్రం గరగరమని తిరుగుతూనే ఉంది. సెల్లుల మాట బాపు ఎత్తలేదు. "గది ఇన్నంక లేసి అన్నం పెట్టుకున్న. రూంల ఎనిమిదిమందిమి దినాం డ్యూటీ నుంచి అచ్చి గా తిట్లే ఏసుకోని ఇంటున్నం. ఆర్మూరాయన వాళ్ళవ్వ గూడ గిట్లనే తిడుతదట. నవ్వుకుంట ఏడ్సిండు. ఫికర్ చెయ్యకుండ్రి. నేను మంచిగ తింటున్న. ఏడాది ఉండే అస్త. అచ్చె కాసెట్ల కోయిల ఒద్దు, అక్క తిట్లు పంపుండ్రి."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అమ్మమ్మ, "తింటున్ననన్నడా?" అని నన్ను అడిగి, నేను తల ఊపగానే, "అయితె నాకు జర పెట్టుండ్రి, ఆకలైతుంది" అంది. ఆ మాటతో అందరూ నవ్వారు, బాపు తప్ప. ఆయన నా వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. "అంటె... గా ఎండల నేను ఎడ్ల గంటలు పట్టుకున్నది నీకోసమారా?"

తర్వాతి కాసెట్టు మాకు పెద్ద పరీక్ష అయింది. మీట నొక్కి తిట్టమంటే అవ్వకు తిట్లు రాలేదు. "ఊకనే ఎట్ల తిడుతరు? ఎవలన్న ఏదన్న చెయ్యాలె గదా!" అని మొండికేసింది. చివరికి బాపే ఉపాయం కనిపెట్టాడు. మిషిన్‌ను తలుపు చాటున పెట్టి, పొలం నుంచి బురద కాళ్ళతో నేరుగా అలికిన ఇంట్లోకి నడిచాడు. ఆ రోజు కాసెట్టు రెండు వైపులా సరిపోలేదు.

మామ ఏడాది ఉండి వచ్చాడు, మళ్ళీ పోయాడు, చాలా ఏళ్ళకు శాశ్వతంగా వచ్చేశాడు. ఇప్పుడు ఊళ్ళో మనుమలతో కాలక్షేపం చేస్తూ, మోకాళ్ళ నొప్పులను తిడుతూ ఉంటాడు. అమ్మమ్మ, బాపు, ఆ తర్వాత అవ్వ, ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. ఆ కాసెట్టును మామ జాగ్రత్తగా దుబాయి నుంచి వెనక్కి తెచ్చాడు గానీ, తిప్పి తిప్పి దాని టేపు అరిగిపోయి, కోయిల ఎక్కడుందో అవ్వ ఎక్కడుందో తెలియకుండా ఉంది.

ఈ ఉగాదికి ముందు ఒక ఉదయం కరీంనగర్‌లో మా డాబా మీద నిలబడి ఉంటే, వెనక ఇంటి వేపచెట్టు మీద కోయిల కూసింది. మామకు పంపుదామని గబగబా జేబులోంచి ఫోన్ తీసి ఎర్ర గుర్తు నొక్కాను. (చేతులు లుంగీకి తుడుచుకున్నాకే. కొన్ని అలవాట్లు వంశంలో ఉంటాయి.) కోయిల వెంటనే నోరు మూసుకుంది. అన్ని ఏళ్ళయినా వాటి జాతికి ఆ పట్టుదల పోలేదు. అటూ ఇటూ చూసి, పెదవులు తడుపుకుని, గుండ్రంగా చేసి ఊదాను. కట్టుడు పళ్ళ సందుల్లోంచి ప్రెషర్ కుక్కర్ చప్పుడు వచ్చింది. మళ్ళీ ఊదాను. కింద నుంచి మా ఆవిడ గొంతు లేచింది. "ఏంది గా ఈలలు? ఎదురింట్ల కోడళ్ళున్నరు, సూస్తె ఏమనుకుంటరు గీ వయసుల? చాయ్ సల్లగైతుంది, దిగుండ్రి!"

ఫోన్‌లో అదంతా పడింది. చెరిపేద్దామని వేలు పెట్టి, ఒక్క క్షణం ఆగి, అలాగే మామకు పంపేశాను. చాయ్ తాగడం పూర్తి కాకముందే జవాబు వచ్చింది. డెబ్బై దాటిన గొంతు, నవ్వుకు దగ్గు అడ్డం పడుతోంది.

"కోయిల బాగలేదు అల్లుడా. ఆఖరు ముక్క బాగున్నది."